ఊరు అడిగిన బడి

అఫ్గానిస్తాన్ నడిమధ్యన, కొండల్లో, ఘోర్ అనే ప్రావిన్స్ ఉంది. చలికాలం మంచు దిగితే ఊరికీ ఊరికీ దారి తెగిపోయే ప్రాంతం. 2007లో అక్కడి పల్లెల్లో ఒక స్వచ్ఛంద సంస్థ చిన్న చిన్న తరగతులు మొదలుపెట్టింది. అన్ని ఊళ్ళలో ఒకేసారి పెట్టలేరు కాబట్టి, లాటరీ తీసినట్టు కొన్ని ఊళ్ళకు ఆ ఏడాది, మిగతావాటికి మరుసటి ఏడాది అని నిర్ణయించారు. ఆ ఏడాది తేడాను ఆధారం చేసుకుని డానా బర్డ్, లీ లిండెన్ అనే ఇద్దరు పరిశోధకులు 31 ఊళ్ళలో లెక్కలు తీశారు. పిల్లలు దాదాపు పదిహేను వందల మంది.

ఆ తరగతుల కోసం కొత్త భవనాలేమీ కట్టలేదు. మసీదులో ఒక పక్క, లేదంటే ఎవరో ఇచ్చిన గది. పాఠం చెప్పేది ఆ చుట్టుపక్కల కాస్త చదువుకున్న మనిషి. పుస్తకాలు ప్రభుత్వ బడిలో ఉండేవే. సంస్థ ఇచ్చింది సామాను, టీచర్‌కి శిక్షణ. తరగతి వచ్చిన ఊళ్ళలో బడికి వెళ్ళే ఆడపిల్లలు, రాని ఊళ్ళతో పోలిస్తే, 52 శాతం పాయింట్లు ఎక్కువ ఉన్నారు. మగపిల్లల్లో ఈ పెరుగుదల 35. తరగతి లేని ఊళ్ళలో ఆడ, మగ పిల్లల మధ్య 21 పాయింట్ల తేడా ఉంటే, తరగతి ఉన్న ఊళ్ళలో అది దాదాపు మాయమైంది. బడి ఒక మైలు దూరం జరిగితే చాలు, ఆడపిల్లల చేరిక 19 పాయింట్లు, మగపిల్లలది 13 పాయింట్లు పడిపోతోందని కూడా తేలింది.

అఫ్గాన్ పల్లెల్లో చదువు గురించి ఎవరితో మాట్లాడినా నేను ముందు ఈ అంకెలే చెబుతాను. ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంది: అక్కడి తండ్రులకు ఆడపిల్లల చదువంటే పడదు, అది వాళ్ళ పద్ధతి, మనం మార్చలేం అని. ఘోర్‌లో అదే తండ్రులు, అదే మతం, అదే పేదరికం. మారిందల్లా నడవాల్సిన దూరం, పాఠం చెప్పే మనిషి ఎవరో తెలిసి ఉండటం. ఆ రెండూ మారేసరికి తండ్రులే కూతుళ్ళను పంపారు. వద్దన్నవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. కానీ పంపాలని ఉండీ పంపలేకపోయినవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారని ఈ లెక్క చెబుతోంది.

నా వాదన ఇది. పేద అఫ్గాన్ పల్లెకు బయటివాళ్ళు చేయగలిగిన సాయంలో ఎక్కువ కాలం నిలబడేది చిన్నది, ఊరు తానే అడిగినది, ఊరు కూడా తన వంతు ఇచ్చినది. ఆ సాయంలో ఎక్కువ భాగం పోవాల్సింది గోడలకు కాదు, మనుషుల జీతాలకు, నీళ్ళకు, పనికి. ఇప్పుడు తాలిబాన్ పాలనలో కూడా దాన్ని ఆపకూడదు.

2001 తర్వాత అఫ్గానిస్తాన్‌కు వచ్చినంత డబ్బు చాలా తక్కువ దేశాలకు వచ్చింది. బడుల పేరుతో కూడా బాగానే వచ్చింది. అమెరికా ప్రభుత్వమే ఆ ఖర్చును తనిఖీ చేయడానికి పెట్టుకున్న ప్రత్యేక సంస్థ 2015లో దెయ్యం బడుల సంగతి లేవనెత్తింది. అంటే కాగితం మీద బడి, టీచర్లు, పిల్లలు అందరూ ఉంటారు. అక్కడికి వెళితే ఎవరూ ఉండరు. ప్రైవేటు దాతల విషయమూ అంతే. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో బడులు కట్టిస్తానని అమెరికాలో కోట్ల డాలర్లు సేకరించిన గ్రెగ్ మార్టెన్సన్ మీద 2011లో పెద్ద దుమారం రేగింది. మోంటానా రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ తర్వాత 2012లో ఆయన తన సంస్థకు పది లక్షల డాలర్ల దాకా తిరిగి కట్టడానికి ఒప్పుకున్నారు. ఆయన నిజంగా కట్టించిన బడులూ ఉన్నాయి, వాటిలో పిల్లలు చదివారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆయన తప్పు కాదు, ఆ కథ అంతగా అమ్ముడుపోవడం. ఒక మంచి మనిషి కొండెక్కి వెళ్ళి బడి కట్టాడు అనే కథకు జేబులు తెరుచుకుంటాయి. ఒక ఊళ్ళో ఒక పంతులమ్మకు ఎనిమిదేళ్ళ పాటు నెలనెలా జీతం అందింది అనే కథకు తెరుచుకోవు.

ఇది మనకూ బాగా తెలిసిన సంగతే. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు సొంత ఊరికి ఏదైనా చేద్దామనుకుంటే ముందు గుర్తొచ్చేది ఒక గది, దాని మీద అమ్మానాన్నల పేర్లతో శిలాఫలకం. ఆ ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కానీ జీతానికి శిలాఫలకం ఉండదు. సుద్దముక్కలకు, గదిని వెచ్చబెట్టే బుఖారీ పొయ్యిలో వేసే కట్టెలకు రిబ్బన్ కటింగ్ ఉండదు. ఘోర్ లాంటి చోట చలికాలం గదిలో పొయ్యి వెలగకపోతే తరగతి జరగదు, భవనం ఎంత బాగున్నా సరే.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇక్కడ సెంటర్‌విల్ వైపు అఫ్గాన్ దుకాణాలు, రొట్టెల బట్టీలు వరసగా ఉంటాయి. లిటిల్ కాబూల్ అంటారు. సోవియట్ యుద్ధం రోజుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మన తెలుగువాళ్ళూ ఇదే ఊళ్ళో, అవే వీధుల్లో ఉంటారు. అయినా ఒకరి ఇంట్లోకి ఒకరు వెళ్ళడం తక్కువ. మా వీధిలో ఉండే ఒక పెద్దావిడను నేను ఖాలా అని పిలుస్తాను, అంటే పిన్ని. గజ్నీ వైపు పల్లె ఆమెది. ఆమె, ఆమె బంధువులు, అదే ఊరి నుంచి వచ్చిన మరికొన్ని కుటుంబాలు కలిసి ఆ ఊళ్ళో చదువు చెప్పేవాళ్ళకు నెలనెలా డబ్బు పంపుతారు. సంస్థ పేరు లేదు, వెబ్‌సైట్ లేదు. రంజాన్ నెలలో జకాత్ లెక్కకట్టేటప్పుడు ఆ వాటా పక్కన పెడతారు, మిగతా నెలల్లో తలా కొంత వేసుకుంటారు.

"గది ఊరివాళ్ళే ఇచ్చారు, మట్టిపని హషర్‌లో అయిపోయింది, మేం చూసేది జీతం ఒక్కటే" అని ఆమె నాకు చెప్పింది. హషర్ అంటే ఊరంతా కలిసి కూలి తీసుకోకుండా చేసే పని. కాలువలో పూడిక తీయాలన్నా, మంచుకు కూలిన గోడ లేపాలన్నా ఇంటికో మనిషి వస్తాడు. ఆ ఏర్పాటు అక్కడ ఎప్పటి నుంచో ఉంది, ఏ సంస్థా నేర్పలేదు. నీళ్ళు పంచడానికి మీరాబ్ ఉంటాడు, తగవులు తీర్చడానికి పెద్దల షూరా కూర్చుంటుంది. పల్లె అంటే చేతులు చాపి కూర్చున్న జనం అనుకుని వెళ్ళే సంస్థలు ఈ ఏర్పాట్లన్నీ దాటేసి, పక్కన తమ కమిటీ ఒకటి పెడతాయి. డబ్బు ఆగిన రోజు ఆ కమిటీ కనిపించదు. షూరా మాత్రం ఉంటుంది.

సకీనా యాకూబీ చేసిన పని నాకు అందుకే పెద్దదిగా అనిపిస్తుంది. ఆమె పుట్టింది హెరాత్‌లో. అమెరికాలో చదువుకుని, అక్కడే స్థిరపడే వీలుండి కూడా, పెషావర్‌లో ఉన్న అఫ్గాన్ శరణార్థి శిబిరాలకు వెళ్ళారు. 1995లో అఫ్గాన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లెర్నింగ్ అనే సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది కాబూల్ తాలిబాన్ చేతికి వచ్చింది, ఆడపిల్లల బడులు మూతపడ్డాయి. ఆ ఏళ్ళలో ఆమె సంస్థ ఇళ్ళలో రహస్యంగా నడిచే 80 బడులకు సాయం చేసింది. దాదాపు మూడు వేల మంది ఆడపిల్లలు చదువుకున్నారు. వాటిని నడిపింది ఆ వీధుల్లో ఉండే ఆడవాళ్ళు. ఇల్లు వాళ్ళది, ప్రమాదం వాళ్ళది. పిల్లలు విడివిడిగా, వేరువేరు వేళల్లో వచ్చేవాళ్ళు.

తర్వాత ఆమె కేంద్రాలు పల్లెల్లోకి పెరిగినప్పుడు కూడా పద్ధతి అదే. ముందు ఊరు అడగాలి. చోటు ఊరు చూపించాలి. ఊరు తనకు చేతనైన వాటా పెట్టాలి. సంస్థ టీచర్లకు శిక్షణ ఇస్తుంది. చదవడం, రాయడం, లెక్కలతో పాటే కుట్టుపని లాంటివి కూడా అక్కడే నేర్పుతారు. ఇందులో ఒక తెలివి ఉంది. పెళ్ళయిన ఆడమనిషి అక్షరాలు నేర్చుకోవడానికి గడప దాటతానంటే ఇంట్లో సవాలక్ష ప్రశ్నలు వస్తాయి. నాలుగు డబ్బులు వచ్చే పని నేర్చుకుని వస్తానంటే అత్తగారే పిల్లాడిని ఎత్తుకుని పంపిస్తుంది. లోపలికి వచ్చాక రెండూ నేర్చుకుంటుంది. చదువు ముందా, కూడు ముందా అని మనం ఇక్కడ కూర్చుని వాదించుకుంటాం కానీ, ఆ గదిలో వాటిని ఎవరూ విడదీయరు.

కాబూల్ పక్కన దేహ్ సబ్జ్‌లో 2008లో ఆడపిల్లల బడి పెట్టిన రజియా జాన్ అనుభవం ఇంకో రకం. బడి తెరిచే ముందు ఊరి మగవాళ్ళు కొందరు వచ్చి, దీన్ని మగపిల్లలకు ఇచ్చేయమని అడిగారు. దేశానికి వెన్నెముక మగపిల్లలే అన్నారు. ఆడపిల్లలు దేశానికి కంటిచూపు, మీకు ఆ చూపు లేదు అని ఆమె జవాబిచ్చారు. అలా అని ఊరితో తగవు పెట్టుకుని కూర్చోలేదు. చిన్నపిల్లలకు మొదట్లోనే తండ్రి పేరు రాయడం నేర్పించారు. చదువురాని తండ్రి చేతికి, కూతురు తన పేరు రాసిన కాగితం తెచ్చి ఇస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి. మరోపక్క విషప్రయోగం భయం ఉండేది, బావి నీళ్ళు పొద్దున్నే సిబ్బంది ముందు తాగి చూసి, ఆ తర్వాతే పిల్లలను తాగనిచ్చేవాళ్ళు. ఒకవైపు అంత జాగ్రత్త, ఇంకోవైపు అంత ఓర్పు. ఈ రెండూ బయటి నుంచి పంపే ప్రాజెక్టు రిపోర్టులో పట్టవు.

ఇప్పుడు నీళ్ళ సంగతికి వస్తాను. చదువు గురించి రాస్తూ కాలువ దగ్గరికి ఎందుకు వెళ్ళాడని అనుకోకండి. నా ఉద్దేశంలో అఫ్గాన్ పల్లెల్లో అందరికన్నా ఎక్కువమంది పిల్లలను బడికి దగ్గర చేసిన విదేశీయుడు బడులు కట్టిన మనిషి కాదు, కాలువ తవ్విన డాక్టరు.

టెట్సు నకమురా జపాన్‌లోని ఫుకువోకాలో పుట్టారు. 1984లో కుష్ఠు రోగులకు వైద్యం చేయడానికి పెషావర్ వచ్చారు. ఆయన కోసం స్నేహితులు, తెలిసినవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం పేరు పెషావర్ కై. జపాన్‌లో మామూలు జనం వేసే చందాల మీద నడిచే సంఘం అది. 1991లో అఫ్గానిస్తాన్‌లోని నంగర్హార్ ప్రావిన్స్‌లో దారా ఎ నూర్ లోయలో మొదటి క్లినిక్ తెరిచారు. 2000లో ఘోరమైన కరువు వచ్చింది. ఆకలితో నీరసించిన పిల్లలు మురికినీళ్ళు తాగి విరేచనాలు పట్టుకుని, క్లినిక్ దగ్గర వరసలో ఉండగానే తల్లుల చేతుల్లో చనిపోయారు. మందులతో పోయే జబ్బు కాదని ఆయనకు అర్థమైంది. బావులు తవ్వించడం మొదలుపెట్టారు. సుమారు 1,600 బావులు. తవ్వినకొద్దీ భూగర్భ జలం ఇంకా కిందికి పోయింది. అప్పుడు, 2003లో, కూనార్ నది నుంచి కాలువ తీయాలని నిర్ణయించారు. వంద క్లినిక్కుల కన్నా ఒక కాలువ మేలు అనేది ఆయన మాట.

ఆయన ఇంజనీరు కాదు. కూతురి స్కూలు లెక్కల పుస్తకం దగ్గర పెట్టుకుని కాలువల లెక్కలు నేర్చుకున్నారు. ఎక్స్‌కవేటర్ స్వయంగా నడిపారు. ఆనకట్టకు నమూనా వెతుక్కుంటూ తన సొంత ప్రాంతానికే వెళ్ళారు. ఫుకువోకాలో చికుగో నది మీద, రెండు వందల ఏళ్ళకు పైగా నిలిచిన యమాద అనే రాతి ఆనకట్ట ఉంది. నదికి ఏటవాలుగా రాళ్ళు పరిచి నీటిని మళ్ళించే పాత పద్ధతి. దాన్నే కూనార్ మీద కట్టారు. గట్లకు కాంక్రీటు బదులు ఇనుప తీగల బుట్టల్లో రాళ్ళు నింపి పేర్చారు. వాటి వెనక విల్లో చెట్లు నాటారు, వేళ్ళు ఆ రాళ్ళ మధ్యకు పాకి గట్టును పట్టుకుంటాయి.

ఈ ఎంపికలోనే నాకు ఆయన ఆలోచనంతా కనిపిస్తుంది. కాంక్రీటు పగిలితే సిమెంటు కావాలి, యంత్రం కావాలి, కాంట్రాక్టరు కావాలి. ఆ వైపు రైతులకు రాతిపని పుట్టుకతో వచ్చిన విద్య, ఇళ్ళూ ప్రహరీలూ వాళ్ళే పేర్చుకుంటారు. బుట్ట తెగితే వాళ్ళే అల్లుకుంటారు, రాయి జారితే వాళ్ళే ఎత్తుతారు. జపాన్ వాడు రేపు లేకపోయినా కాలువ పారుతుంది. స్వయంపోషకత్వం అని మనం పెద్ద పెద్ద మాటలు వాడతాం కానీ, ఆచరణలో అది ఇలాంటి చిన్న నిర్ణయాల్లో ఉంటుంది: చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?

మర్వారీద్ కాలువ పాతిక కిలోమీటర్ల పొడవున గంబీరీ ఎడారి దాకా చేరింది. పని చేసినవాళ్ళు ఆ ఊళ్ళ రైతులే, రోజుకూలి మీద. వాళ్ళలో కరువుకు పాకిస్తాన్ వెళ్ళిపోయి తిరిగి వచ్చినవాళ్ళు, కూలి కోసం ఎవరి తరఫునైనా తుపాకీ పట్టినవాళ్ళు కూడా ఉన్నారు. పొలం తడిశాక ఆ అవసరం పోయింది. తర్వాత తీసిన కాలువలు, ఆనకట్టలతో కలిపి సుమారు 16 వేల హెక్టార్లకు నీళ్ళు వచ్చాయి, ఆరు లక్షల మందికి పైగా బతుకుతున్నారు. ఊళ్ళు మళ్ళీ నిండాయి. నిండిన ఊళ్ళోనే కదా బడి నడిచేది! కరువులో వలసపోయిన కుటుంబంలో పదేళ్ళ పిల్లాడు ఇటుక బట్టీలో ఉంటాడు, వాడికి ఎంత మంచి బడి కట్టినా ఉపయోగం లేదు.

ఊరివాళ్ళు అడిగితే ఆయన మసీదు, మదరసా కూడా కట్టించారు. నకమురా క్రైస్తవుడు. చాలా విదేశీ సంస్థలు ఆ రోజుల్లో మదరసా అనే మాట వింటేనే బెదిరిపోయేవి. ఆయన మాత్రం అనాథలు, పేద పిల్లలు చదువుకునే చోటు, ఊరి తగవులు తీరే చోటు లేకపోతే ఊరు ఊరుగా నిలవదని చూశారు. ఊరు అడిగినది మనకు నచ్చినప్పుడు ఇవ్వడం అందరూ చేస్తారు. ఇక్కడ ఆయన చేసింది అంతకన్నా కష్టమైన పని.

2008లో ఆ సంఘంలోనే పనిచేసే యువకుడు కజుయా ఇటోను ఎత్తుకుపోయి చంపేశారు. మిగతా జపాన్ వాళ్ళను వెనక్కి పంపేసి నకమురా మాత్రం ఉండిపోయారు. 2019 డిసెంబర్ 4న జలాలాబాద్‌లో ఆయన కారు మీద కాల్పులు జరిపారు. ఆయనతో పాటు డ్రైవరు, రక్షకులు కలిపి ఐదుగురు అఫ్గాన్లు చనిపోయారు. 2021 ఆగస్టులో అధికారం మళ్ళీ తాలిబాన్ చేతికి వచ్చాక కొంతకాలం ఆగిన పని మళ్ళీ మొదలైంది. ఇప్పుడు దాన్ని నడిపేది ఆయన దగ్గర నేర్చుకున్న అఫ్గాన్లే.

పల్లె చదువు ఎందుకు అవసరమో కాన్పు గది దగ్గర తెలుస్తుంది. 2002లో బదక్షాన్ ప్రావిన్స్‌లోని రాగ్ జిల్లాలో తీసిన లెక్క ప్రకారం ప్రతి లక్ష జననాలకు 6,500 మంది తల్లులు చనిపోయారు. ప్రపంచంలో ఎక్కడా అంత ఎక్కువ నమోదు కాలేదు. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్న మిడ్‌వైఫ్‌లు 467 మంది. ఆ తర్వాత పల్లెల నుంచే అమ్మాయిలను ఎంపిక చేసి, ఊరి పెద్దల ఒప్పుదలతో రెండేళ్ళు శిక్షణ ఇచ్చి, తిరిగి అదే ఊరికి పంపే పద్ధతి వచ్చింది. మిడ్‌వైఫ్‌ల సంఖ్య పదేళ్ళు తిరగకుండానే వేలల్లోకి చేరింది. ఆ శిక్షణలో చేరాలంటే హైస్కూలు దాకా ఎంతో కొంత చదివి ఉండాలి. మారుమూల జిల్లాల్లో వచ్చిన చిక్కు అదే: అంత చదివిన ఆడపిల్ల ఒక్కతీ దొరకని చోట్లు ఉండేవి. పదిహేనేళ్ళ కిందట ఆ ఊళ్ళో ఎవరో ఒక గది ఇచ్చి, ఎవరో ఒక టీచర్ జీతం ఇచ్చి ఉంటే దొరికేది. భార్య కాన్పుకు మగ డాక్టరు వద్దనే మనిషికి కూడా మిడ్‌వైఫ్ కావాలి. ఆ మిడ్‌వైఫ్ ఎవరి కూతురో కావాలి కదా.

ఇక్కడే కోపం ఆపుకోవడం నాకు కష్టమవుతుంది. 2021 సెప్టెంబర్‌లో తాలిబాన్లు మగపిల్లలకు మాత్రమే హైస్కూళ్ళు తెరిచారు. 2022 మార్చి 23న ఆడపిల్లలు సంచులు సర్దుకుని వచ్చి, తరగతుల్లో కూర్చున్నాక, కొన్ని గంటల్లోనే ఇళ్ళకు పంపేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆడవాళ్ళకు యూనివర్సిటీల తలుపులు మూసేశారు, మహిళలు స్వచ్ఛంద సంస్థల్లో పనిచేయకూడదన్నారు. 2024 డిసెంబర్‌లో మిడ్‌వైఫ్, నర్సింగ్ శిక్షణ కూడా ఆపేశారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి చదువు నిషేధమైన దేశం ప్రపంచంలో ఇదొక్కటే. యునెస్కో 2024లో చెప్పిన లెక్క ప్రకారం ఇలా హైస్కూలు చదువు పోగొట్టుకున్న ఆడపిల్లలు కనీసం 14 లక్షలు.

ఈ స్థితిలో అక్కడికి డబ్బు పంపడం అంటే ఆ పాలకులకు ఊతం ఇచ్చినట్టే అని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో అఫ్గాన్ మహిళలు కూడా ఉన్నారు, వాళ్ళ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. సంస్థలు ఒక్కో నిషేధానికీ సర్దుకుంటూ పోతే రేపు ఇంకొకటి వస్తుందని వాళ్ళ భయం, ఇప్పటిదాకా జరిగింది కూడా అదే. సాయం పేరుతో అధికారులకు వాటాలు ఇచ్చే సంస్థ, లబ్ధిదారుల జాబితా వాళ్ళ చేత రాయించే సంస్థ ఎక్కడైనా ఉంటే దానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.

కానీ ఘోర్ పల్లెలో ఏడేళ్ళ పిల్ల దగ్గరికి ఈ వాదన తీసుకెళితే నిలబడదు. ఆరో తరగతి దాకా చదవడానికి ఇప్పటికీ అనుమతి ఉంది. ఆ అనుమతి ఉన్నా, ఊళ్ళో తరగతి లేకపోతే ఆమె ఒక్క ఏడాది కూడా చదవదు. 2023 జూన్‌లో విదేశీ సంస్థలు నడిపే పల్లె తరగతులను ఆపేయమంటారని వార్త వచ్చినప్పుడు యునిసెఫ్ చెప్పింది, ఐదు లక్షలకు పైగా పిల్లల చదువు ప్రమాదంలో పడుతుందని. అందులో మూడు లక్షలకు పైగా ఆడపిల్లలు. 1980 నుంచి అఫ్గాన్ల కోసం పనిచేస్తున్న స్వీడిష్ కమిటీ 2024 మార్చిలో పని ఆపేయాల్సి వచ్చింది. స్వీడన్‌లో ఎవరో ఖురాన్ తగలబెట్టారని ఆ దేశం పేరున్న కార్యక్రమాలన్నీ నిలిపేయమన్నారు. కూనార్ పిల్లకూ స్టాక్‌హోమ్ వీధిలో జరిగినదానికీ ఏం సంబంధం? పెద్ద పేరు, పెద్ద జెండా ఉన్న సాయానికి ఇలాంటి ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. జెండా లేని ఊరి తరగతిని మూయించాలంటే ఆ ఊరి పెద్దలందరినీ ఎదిరించాలి.

మతీవుల్లా వేసా చేసింది ఆ పెద్దలను కూడగట్టడమే. కాందహార్ ప్రాంతంలోని పష్తూన్ కుటుంబం అతనిది, సంప్రదాయం బాగా పాటించే ప్రాంతం. 2009లో పెన్ పాత్ అనే సంస్థ పెట్టి, వాలంటీర్లతో మోటార్ సైకిళ్ళ మీద పుస్తకాలు వేసుకుని పల్లెలు తిరిగాడు. యుద్ధం వల్ల మూతబడ్డ బడులను ఊరి పెద్దలతో మాట్లాడి తెరిపించడం వాళ్ళ పని. 2023 మార్చిలో అతన్ని అరెస్టు చేసి, అక్టోబర్ దాకా జైల్లో ఉంచారు. విదేశీ డబ్బుతో వచ్చిన విదేశీ ఆలోచన అని అతన్ని కొట్టిపారేయడం కుదరదు కాబట్టే జైల్లో పెట్టారని నా నమ్మకం.

మన దగ్గరే ఇంత లేమి ఉండగా అక్కడికెందుకు అని అడిగే స్నేహితులు నాకూ ఉన్నారు. మన ఊళ్ళకు ఇవ్వద్దని నేను ఎప్పుడూ అనలేదు, నేనూ ఇస్తాను. అయితే అఫ్గాన్లు మనకు అంత పరాయివాళ్ళు కాదు. ఉస్మానియాలో, ఇఫ్లూలో చదువుకున్న అఫ్గాన్ విద్యార్థులు హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకు వాళ్ళ అధికారులు శిక్షణకు వచ్చేవారు. రాజస్థాన్‌లోని తిలోనియాలో ఉన్న బేర్‌ఫుట్ కాలేజీకి అఫ్గాన్ పల్లె ఆడవాళ్ళు భర్తలను తోడు తెచ్చుకుని వచ్చి, సోలార్ దీపాలు బిగించడం నేర్చుకుని వెళ్ళి, తమ ఊళ్ళలో వెలిగించారు. చదువురాదని ఎవరూ వాళ్ళను ఆపలేదు.

చిన్న సాయంతో అంతా అయిపోతుందని నేను అనడం లేదు. హైస్కూలు, సైన్స్ ల్యాబ్, ఆసుపత్రి, రోడ్డు ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి. 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమం ఊరు అడిగినదే ఇవ్వాలన్న సూత్రాన్ని దేశమంతా నడిపింది. ఊరు తన మండలిని రహస్య ఓటుతో ఎన్నుకునేది, కుటుంబానికి 200 డాలర్ల లెక్కన గ్రాంటు వచ్చేది, కనీసం పదో వంతు ఊరు పెట్టుకోవాలి. తాగునీరు, కరెంటు విషయంలో మేలు జరిగింది, ఆడవాళ్ళకు ఊరి విషయాల్లో కొంత మాట దక్కింది. ఆదాయాలు మాత్రం పెద్దగా పెరగలేదు. అంటే సూత్రం సరైనదైనా, అది చేయలేనివీ ఉన్నాయి. అది తెలిసి ఇవ్వాలి.

నేను ఏ సంస్థకైనా డబ్బు ఇచ్చే ముందు అడిగేవి మూడు నాలుగు ఉన్నాయి. టీచర్ ఏ ఊరు? గది ఎవరిది? జీతం ఎన్నేళ్ళకు సరిపడా చేతిలో ఉంది? ఒక్క ఏడాదికే ఉందంటే నేను వెనక్కి తగ్గుతాను, ఎందుకంటే రెండో తరగతిలో ఆగిపోయిన పిల్ల చదవడం మర్చిపోతుంది. ఫొటోలు ఎక్కువ పంపే సంస్థ మీద నాకు అనుమానం. ఇప్పుడు ఆడపిల్లల ముఖాలు, ఊరి పేర్లు బయటపెట్టడం వాళ్ళకే ప్రమాదం, బాధ్యత తెలిసినవాళ్ళు పెట్టరు. ఆరో తరగతి అయ్యాక ఆడపిల్లలు ఏం చేస్తున్నారని కూడా అడుగుతాను. ఈ ప్రశ్నకు జవాబులు తరచూ ఫోన్‌లోనే వస్తాయి, రాతలో రావు. అది నాకు ఫర్వాలేదు.

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళు చాలామంది పనిచేసే కంపెనీలు, ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ ఇస్తాయి. అఫ్గాన్ పల్లెల్లో పనిచేసే సంస్థల్లో అమెరికాలో రిజిస్టర్ అయినవి ఉన్నాయి, వాటికీ ఇది వర్తిస్తుంది. ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వకండి. చిన్న మొత్తమే అయినా ప్రతి నెలా వెళ్ళేలా పెట్టండి, జీతం కూడా ప్రతి నెలా ఇవ్వాల్సిందే కాబట్టి. మీ వీధిలో అఫ్గాన్ కుటుంబం ఉంటే ముందు వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ ఊరి గురించి అడగండి. టీ ఇవ్వకుండా పంపరు. ఏ ఊరికి ఏం కావాలో, ఎవరి చేతికి ఇస్తే చేరుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ రిపోర్టులోనూ ఉండదు.